గట్టు మీది కంచం

ప్రెషర్ కుక్కర్ రబ్బరుకి ఒక గుణం ఉంది. ఏదీ మర్చిపోదు. గిన్నెని చింతపండు పెట్టి తోమితే తళతళలాడుతుంది, మూతని సబ్బు పెట్టి రుద్దితే నిన్నటి సంగతి నాకేం తెలుసంటుంది, రబ్బరు మాత్రం నిన్న ఉడికినదాన్ని ఇవాళ కూడా మోస్తూనే ఉంటుంది. అందుకని నెలకో సోమవారం పొద్దున, బడికి వెళ్ళే హడావిడిలోనే, బిందు ఆ రబ్బరుని నిమ్మకాయ నీళ్ళలో నానేసి, వంటసోడాతో రుద్ది, దండెం మీద కాకుండా బాత్రూమ్ కిటికీ చువ్వకి తగిలించి ఆరబెట్టేది. "రబ్బరు జాగ్రత్తే. అమ్మది మహా చురుకైన ముక్కు," అని విశ్వతేజ అద్దం ముందు తల దువ్వుకుంటూ గుర్తు చేసేవాడు. గుర్తు చేయడం ఒక్కటే ఆ పనిలో అతని వాటా.

ఏలూరు శాంతినగర్‌లోని ఆ ఇంట్లో రెండు కుక్కర్లున్నాయి. పప్పూ అన్నం వండేది స్టవ్ పక్కన దర్జాగా ఉంటుంది. రెండోది అటక మీద పాత దుప్పట్లో చుట్టుకుని పడుంటుంది. ఎవరైనా చూసినా తేడా తెలియకూడదని విశ్వతేజ ఏరికోరి రెండూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి కొన్నాడు. తన తెలివికి తానే మురిసిపోయాడు కూడా. అటక మీది కుక్కర్లో వండేదాన్ని ముదినేపల్లి దగ్గర బిందు పుట్టిన పేటలో పెద్దకూర అంటారు. విశ్వతేజ చిల్లీ అంటాడు. అతని అక్క మొగుడు తాతారావు 'స్పెషల్' అంటాడు. తినడానికి ఎంతైనా తెరుచుకునే నోళ్ళు, దాని పేరు చెప్పడానికి మాత్రం తెరుచుకోవు.

నెలకో ఆదివారం అత్తగారు సుబ్బాయమ్మ భజన బృందంతో చిన్న తిరుపతి కొండకి వెళతారు. సరిగ్గా ఆ రోజే తాతారావుకి ఏలూరులో ఏదో పని తగులుతుంది. మగవాళ్ళిద్దరూ మేడ మీద చాప పరుచుకుంటారు. బిందు మాత్రం పొద్దున్నే స్కూటీ మీద తమ్మిలేరు అవతలకి వెళ్ళి, క్యూలో నిలబడి, మాంసం నల్లకవర్లో కట్టించుకుని, దాన్ని తను బడికి పట్టుకెళ్ళే భోజనం సంచిలో అడుగున పెట్టి, పైన కరివేపాకు కప్పుకుని తేవాలి. "ఆ సంచిలో అయితే ఎవరికీ అనుమానం రాదు," అన్నది కూడా విశ్వతేజే. మర్నాడు అదే సంచిలో పెరుగన్నం పట్టుకెళితే, స్టాఫ్ రూమ్‌లో లెక్కల మేడమ్ చిరునవ్వు నవ్వుతూ, "మీ బాక్సు తెరిచేటప్పుడు కాస్త ఆ కిటికీ వైపు కూర్చుంటారా, ఏమీ అనుకోకండి," అనేది. అలా ఆదివారం నిజంగా మోసినప్పుడు ఎవరూ పట్టుకోలేదు, సోమవారం పెరుగన్నంతో పట్టుబడింది.

ఇక వంట. ముందు కిటికీలన్నీ మూసెయ్యాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యకూడదు, అది పక్కింటావిడ వంటింట్లోకి ఊదుతుంది. టీవీలో భక్తి ఛానల్ పెద్దగా పెట్టాలి. కోడికూరకి కుక్కర్ ఒకటి రెండు కూతలేసి ఊరుకుంటుంది. దీనికి ముక్క బొక్కని వదిలేదాకా కూస్తూనే ఉండాలి. పక్కింటావిడ ఆ కూతలు లెక్కపెడుతుందని విశ్వతేజ భయం. మే నెల ఎండలో, మూసిన వంటింట్లో, పసుపూ ఉప్పూ అల్లంవెల్లుల్లీ పట్టించి, ముక్క మెత్తబడ్డానికి పచ్చి బొప్పాయి చెక్క ఒకటి పడేసి ఉడికించి, నీరంతా ఇగిరేదాకా బాండీలో వేపి, చీల్చిన పచ్చిమిర్చీ ఉల్లిపాయా కరివేపాకూ వేసి, చివర్లో మసాలా చల్లేసరికి బిందు జాకెట్టు పిండితే నీళ్ళు కారేవి. ఆ మసాలా ఆమె తల్లి దానమ్మది. ఎండుమిరపకాయలూ ధనియాలూ మిరియాలూ లవంగాలూ వేయించి దంచి, సీసాలో పోసి, ఏలూరు బస్సెక్కే వాళ్ళెవరి చేతికైనా ఇచ్చి పంపేది.

మేడ మీదకి పళ్ళెం పట్టుకుని ఎక్కడం, దిగడం, మళ్ళీ నిమ్మచెక్కల కోసం ఎక్కడం. తాతారావు మూలుగ బొక్కని ఠప్‌మని కొట్టి, జుర్రుమని పీల్చి, "ఏమాటకామాటే చెప్పుకోవాలి బావా, ఇది మాత్రం వాళ్ళ చేతి మహిమ. మనవాళ్ళకి రాదు," అనేవాడు. వాళ్ళు, మనవాళ్ళు. పళ్ళెం పట్టుకుని నిలబడిన బిందు ఏ వైపో అతను ఎప్పుడూ చెప్పలేదు. "మిగిలితే నువ్వూ తినవే," అనేవాడు విశ్వతేజ. మిగిలిందాన్ని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఇడ్లీపిండి గిన్నె వెనకాల దాచాలి. అది అతని మర్నాటి వాటా. బిందు ఆవకాయతో తిని లేచేది. అంతా చేసిన తర్వాత కూడా సోమవారం డబ్బా సగానికి తగ్గి ఉండేది. "దొంగతిండి దేనికే? అడిగితే పెట్టనా? ఎంతైనా మీవాళ్ళ నాలుకలే అంత," అని విశ్వతేజ నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వుతూ అనడమే ఎక్కువ కాలింది. తాను ముట్టలేదని బిందు ప్రమాణం చేసినా నమ్మలేదు. తాగిన మత్తులో తానే తిని మర్చిపోయి ఉంటాడనుకుని ఆమె ఊరుకుంది.

అతనికి ఈ రుచి అలవాటు చేసింది దానమ్మే. బీఈడీ చదివే రోజుల్లో నోట్సు వంకతో విశ్వతేజ ముదినేపల్లి బస్సెక్కి పేటకి వచ్చేవాడు. నులకమంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, దానమ్మ వడ్డించింది వడ్డించినట్టు తిని, "ఆంటీ, ఇలా వండే అమ్మాయి దొరికితే ఇంకేం అక్కర్లేదండి," అనేవాడు. తలుపు వెనకాల నిలబడి బిందు దాన్ని ప్రేమ అనుకుంది. ఆకలి అని తెలిసేసరికి మెడలో తాళి పడింది.

పెళ్ళికి సుబ్బాయమ్మ పెద్దగా గొడవేం చెయ్యలేదు. "బిందు అంటే మనలోనూ ఉన్న పేరే. మార్చక్కర్లేదు. అడిగితే తణుకు వైపు వాళ్ళని చెప్పండి," అన్నారు. పెళ్ళి మాటలకి వచ్చిన తాతారావు మాత్రం దానమ్మ మంచినీళ్ళ గ్లాసు అందిస్తే తీసుకోలేదు. తన పొలంలో ఏళ్ళ తరబడి నాట్లు వేసిన మనిషి ఇంట్లో మంచినీళ్ళేంటని కాబోలు, కారులోంచి సీసా తెప్పించుకుని అందరూ చూస్తుండగా గటగటా తాగాడు.

పెళ్ళయ్యాక దానమ్మ మొదటిసారి కూతురింటికి వచ్చిన రోజు, సుబ్బాయమ్మ పెరటి వసారాలో గట్టు మీద ఒక స్టీలు కంచం, ఒక గ్లాసు పెట్టించారు. రెండింటికీ అడుగున ఎర్ర గోళ్ళరంగు చుక్క. "ఏమీ అనుకోకు దానమ్మా. అది తినేవాళ్ళ కంచం మా కంచాల్లో కలిపే అలవాటు లేదు. మా అత్తగారి నాటి నుంచీ వస్తున్న పద్ధతి," అని ఎంతో నెమ్మదిగా, కొసరి కొసరి వడ్డిస్తూ చెప్పారు. ఆవిడ గొంతు ఎప్పుడూ లేవదు. దానమ్మ తిని, కంచం తానే కడిగి, గట్టు మీదే బోర్లించి వెళ్ళింది. ఆ రాత్రి బిందు ఏడిస్తే విశ్వతేజ ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "వేరే పెట్టింది కంచమే కదే, మనిషిని కాదుగా," అన్నాడు. అప్పటి నుంచీ ఆ కంచం గట్టు మీదే ఉంది. బట్టలు ఉతికేటప్పుడు, గిన్నెలు తోమేటప్పుడు, చెత్త పారబోసేటప్పుడు బిందు దాన్ని చూస్తూనే ఉంది.

ఈ వేసవిలో దానమ్మకి కుడికంట్లో శుక్లం ముదిరింది. ఏలూరులో శనివారం ఆపరేషన్, ఆదివారం పొద్దున కట్టు విప్పుతారు. ఆ తర్వాత పూటపూటా చుక్కల మందు వెయ్యాలి, మళ్ళీ మళ్ళీ చూపించుకోవాలి. పేటలో ఆవిడ ఒక్కతే. చుక్కలు వేసేవాళ్ళు లేరు, పొయ్యి దగ్గర పొగలో కూర్చోకుండా ఆపేవాళ్ళు అంతకన్నా లేరు. బిందు ధైర్యం కూడగట్టుకుని అడిగింది.

"ఏవండీ, అమ్మని కళ్ళు నయమయ్యేదాకా మనింట్లో ఉంచుకుందామండీ."

"ఇక్కడెక్కడ ఉంటుందే? అమ్మ సంగతి తెలుసుగా నీకు. అయినా మీ ఊరికి బస్సులకేం తక్కువ? వచ్చి చూపించుకుని వెళుతుంది." అదే గొంతుతో, "అన్నట్టు ఆదివారం అమ్మ కొండకి వెళుతుంది, బావగారొస్తున్నారు. చిల్లీ చెయ్యి. మీ అమ్మ ఎలాగూ ఏలూరు వస్తోంది కదా, మసాలా దంచి పట్టుకు రమ్మను," అన్నాడు.

కన్ను కోయించుకోవడానికి వచ్చే మనిషిని మిరపకాయలు దంచుకు రమ్మన్నాడు. అందులో తప్పేముందో అతనికి నిజంగానే తెలియలేదు. బిందు ఆ మాట నమలలేక, మింగలేక వంటింట్లోకి వెళ్ళింది. ఆ పరధ్యానంలోనే పప్పు కుక్కర్ రబ్బరు వదులైందని తీసేసి, పోయిన నెల నుంచీ బాత్రూమ్ కిటికీకే వేలాడుతున్న రబ్బరు తెచ్చి మూతకి తొడిగింది. రెండూ ఒకే సైజని చెప్పాను కదా.

మర్నాడు పొద్దున పప్పు ఉడికింది. మెదిపి తాలింపు వేద్దామని సుబ్బాయమ్మ కుక్కర్ మూత తీశారు. మూతని ముక్కు దగ్గరికి తెచ్చుకుని ఒకసారి వాసన చూశారు.

"ఇది అటక మీద దాని రబ్బరు కదే," అన్నారు.

బిందు చేతిలో ఉల్లిపాయలు తరిగే కత్తి ఆగిపోయింది. పెళ్ళయిన నాటి నుంచీ ఏ క్షణం వస్తుందని వణికిందో ఆ క్షణం వచ్చేసింది. కిటికీలు మూసింది, టీవీ పెట్టింది, సాంబ్రాణి వేసింది, రబ్బరుకి నిమ్మకాయలు పిండింది, అంతా ఈ క్షణం రాకూడదనే.

"ఏం, అలా బిగుసుకుపోయావ్?" సుబ్బాయమ్మ రబ్బరు ఊడదీసి సింకులో పడేసి, కొత్తది డబ్బాలోంచి తీసి తొడిగారు. "నాకు తెలీదనుకున్నావా ఏంటి? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది మీ మొగుడూ పెళ్ళాల వ్యవహారం. మగాడన్నాక నాలుక చచ్చి ఉండాలా? తింటాడు, కడుక్కుంటాడు. ఇల్లు గుట్టుగా ఉంటే చాలు నాకు. మొన్నటిసారి ఉప్పు కాస్త ఎక్కువేశావ్, చూసుకో."

బిందుకి ఒక్కసారిగా గుండె తేలికయింది. తెలిసి కూడా ఏమీ అనలేదంటే, ఇక భయం దేనికి? ఆ తేలికలో నోరు జారినట్టే అడిగేసింది. "అయితే అత్తయ్యా, మా అమ్మని కొన్నాళ్ళు ఇక్కడ ఉంచుకోవచ్చాండీ? లోపల గదిలో, ఒక మూల..."

సుబ్బాయమ్మ పప్పు మెదుపుతూనే, కోపం లేకుండా, పిల్లకి ఎక్కం నేర్పినట్టు చెప్పారు. "రబ్బరైతే మార్చుకుంటాం బిందూ. మనిషొచ్చి ఇంట్లో మసిలితే ఏం మారుస్తామే?"

బిందుకి ఏడుపు రాలేదు. బడిలో పాఠం చెబుతున్నంతసేపూ ఆ మాటే తిరుగుతోంది. ఇన్నాళ్ళూ ఆ కూరే తప్పనుకుంది. అది తింటాం కాబట్టి అమ్మ గట్టు మీద కూర్చుందనుకుంది. ఆ తప్పు దాచడానికి తన ఆదివారాలన్నీ మూసిన కిటికీల వెనక ధారపోసింది. తీరా చూస్తే కూరలో ఏ తప్పూ లేదు. కొడుకు తింటే అది నాలుక, అల్లుడు తింటే స్పెషల్. దానమ్మ తింటేనే అది మైల. మరి పద్ధతి అన్నారే! పద్ధతంటే అందరికీ పద్ధతే కావాలి కదా? బ్లాక్‌బోర్డు మీద పువ్వు భాగాలు గీస్తుంటే సుద్దముక్క రెండుగా విరిగింది. పిల్లలు నవ్వారు. తనకి పగ పుట్టిందని బిందు అప్పుడు గుర్తుపట్టింది. అది ఇంత హాయిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు ఆమెకి.

సాయంత్రం ఇంటికి వెళ్ళకుండా మెయిన్ బజారులో స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్ళింది. గట్టు మీదున్నవాటిలాంటివే రెండు కంచాలు, రెండు గ్లాసులు తీయించింది.

"పేర్లు చెక్కమంటారా మేడమ్? పెళ్ళిసారెకా?" అన్నాడు కొట్టతను, మిషన్ ప్లగ్గు పెడుతూ.

"ఇంట్లో భోజనాలండి. పేర్లు పెద్దగా, కనపడేలా చెక్కండి. అడుగున కాదు, అంచు మీద." ఒకదాని మీద విశ్వతేజ అని, ఒకదాని మీద తాతారావు అని చెప్పింది.

మిషన్ గీమంటూ తాతారావు దీర్ఘం దగ్గరికి వచ్చినప్పుడు ఆమెకి ఉప్పు గుర్తొచ్చింది. మొన్నటిసారి ఉప్పు ఎక్కువేశావ్. వాసనంటే రబ్బరు చెబుతుంది. ఉప్పు సంగతి రబ్బరుకేం తెలుసు? అది నాలుకకే తెలియాలి. ఫ్రిజ్‌లో సగానికి తగ్గిపోయే డబ్బా, దొంగతిండి దేనికే అన్న మొగుడి నవ్వు, తాను చేసిన ప్రమాణం, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. కొట్టులో అందరూ తిరిగి చూసేంత గట్టిగా బిందు నవ్వింది.

"ఇంకో కంచం, ఇంకో గ్లాసు తియ్యండి," అని మూడో పేరు చెప్పింది.

ఆ పైన ఆడపడుచు శ్రీదుర్గకి ఫోన్ చేసింది. "వదినగారూ, ఆదివారం అన్నయ్యగారు ఎలాగూ ఏలూరు వస్తున్నారటగా, మీరూ రండి. మా అమ్మకి శనివారం కన్ను ఆపరేషన్, చూసినట్టుంటుంది. భోజనాలిక్కడే." కూతురొస్తుందని తెలిసి సుబ్బాయమ్మ కొండ ప్రయాణం మానుకున్నారు. విశ్వతేజకి కంగారు పుట్టింది. "అక్కా అమ్మా ఉంటే చిల్లీ ఎలాగే? ఈసారికి మానేద్దామా?" అన్నాడు దిగులుగా. "మీరేం మాట్లాడకండి. అంతా నేను చూసుకుంటాను," అంది బిందు. "నా బంగారానివే," అన్నాడు. పాపం, నిజంగానే సంతోషించాడు.

ఆదివారం పొద్దున దానమ్మ కట్టు విప్పారు. నల్ల కళ్ళజోడు పెట్టారు. బిందు తల్లిని ఆటోలో తెచ్చి, పెరటి దారిన కాకుండా వీధి గుమ్మంలోంచి నడిపించుకొచ్చి, భోజనాల బల్ల దగ్గర, ఫ్యాను కింద కూర్చోబెట్టింది. దానమ్మ చీర కొంగులోంచి మసాలా సీసా తీసి బల్ల మీద పెట్టింది. అల్లుడు అడిగాడని ఆపరేషన్‌కి ముందురోజు కూర్చుని దంచిందట.

"వసారాలో కుర్చీ వేశానే, చల్లగా ఉంటుంది," అన్నారు సుబ్బాయమ్మ మెల్లగా.

"గాలీ దుమ్మూ తగలకూడదన్నారండి అత్తయ్యా."

అప్పటికే శ్రీదుర్గ వచ్చి దానమ్మ పక్కన కూర్చుని నొప్పిగా ఉందా అని అడుగుతోంది. కూతురి ముందు సుబ్బాయమ్మ వసారా మాట వదిలేశారు. మగవాళ్ళిద్దరూ మేడ ఎక్కారు.

బిందు స్టూలు వేసుకుని అందరి కళ్ళ ముందూ అటక మీది కుక్కర్ దించింది. దుప్పటి విప్పి దులిపింది. వంటింటి కిటికీలు రెక్కలు గోడకి తగిలేలా తెరిచింది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసింది. టీవీ ఆపేసింది. మంట పెద్దది చేసింది.

మొదటి కూత పడింది. ఇన్నేళ్ళలో ఆ కూత ఇంత శుభ్రంగా వినడం ఆమెకిదే మొదటిసారి. ఇంకోటి పడింది. ఆ తర్వాత ఇక కుక్కర్ ఆగలేదు, రైలు గేటు దగ్గర ఇంజనులా కూస్తూనే ఉంది. మసాలా బాండీలో పడేసరికి ఆ ఘాటుకి వీధి వీధంతా తుమ్మింది. పక్కింటావిడ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఏంటండీ బిందుగారూ, ఇవాళ స్పెషలు? ఇన్ని కూతలొస్తున్నాయి?"

"పెద్దకూరండి. మావారికి ప్రాణం," అని బిందు నవ్వుతూ గట్టిగా చెప్పింది. కిటికీ టక్కున మూసుకుంది.

విశ్వతేజ మెట్లు రెండేసి దూకుతూ దిగొచ్చాడు. మొహంలో నెత్తురు లేదు. "నీకేమైనా పిచ్చా? టీవీ పెట్టలేదేం? కిటికీలేంటి? అమ్మ ఇక్కడే ఉంది!" అని గొంతు నొక్కుకుని అరిచాడు.

"అత్తయ్యకి తెలుసండీ. మీకే తెలీదు," అంది బిందు గరిట తిప్పుతూ. "అన్నయ్యగారిని కూడా పిలవండి. వడ్డిస్తున్నాను. మేడ మీదకి ఇక మొయ్యలేనండి, మోకాళ్ళ నొప్పులు."

వంట దించి ఆమె నేరుగా వసారాలోకి నడిచింది. గట్టు మీద దానమ్మ పాత కంచం పక్కన కొత్త కంచాలు పరిచింది. ఎండకి పేర్లు మెరిశాయి. సుబ్బాయమ్మ, శ్రీదుర్గ గుమ్మంలోకి వచ్చారు. తాతారావు మెట్ల మీదే నిలబడిపోయాడు.

"అదేంటి బిందూ, బల్ల ఉండగా ఇక్కడ పెట్టావ్?" అంది శ్రీదుర్గ.

"అది తినేవాళ్ళ కంచం మన కంచాల్లో కలపకూడదండి వదినగారూ. అత్తయ్యవాళ్ళ అత్తగారి నాటి పద్ధతి. ఇన్నాళ్ళూ మా అమ్మ ఒక్కతే పాటించింది. మిగతావాళ్ళకి కంచాలు కొనకపోవడం నాదే పొరపాటు."

"నేను... నేను మాంసం మానేశానమ్మాయ్. వెంకన్నకి మొక్కుకున్నాను," అన్నాడు తాతారావు. అతన్ని ఇంకా ఎవరూ అడగనే లేదు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడమంటే అదే.

బిందు వేడి వేడి ముక్కలు అతని పేరున్న కంచంలో వేసింది. "మూలుగ బొక్క మీకే ఉంచానండి అన్నయ్యగారూ. ఎప్పట్లాగే."

లోపల్నించి దానమ్మ గొంతు వినపడింది. "ఆ బాబు పోయిన నెల ఘాటు చాల్లేదన్నాడని చెప్పావు కదమ్మా. అందుకే ఈసారి మిరియాలు ఎక్కువేసి దంచాను. సరిపోయాయో లేదో కనుక్కో." అమాయకంగా అందో, కావాలనే అందో చెప్పడం కష్టం. ఆవిడ కళ్ళకి నల్ల అద్దాలున్నాయి.

శ్రీదుర్గ మొగుడి వైపు తిరిగింది. ఆమె కొల్లేటి గట్టున పుట్టి పెరిగిన మనిషి కాకపోయినా, కాపురానికి వచ్చాక కొరమీను లేనిదే ముద్ద దిగేది కాదు. మొగుడి మొక్కు తన మొక్కే అనుకుని చేప వాసన కూడా చూడకుండా బతుకుతోంది. "మొక్కా? ఏలూరులో ఆడిటర్ దగ్గర పనా?" అంది. లోపలికి వెళ్ళి దానమ్మ పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. "బిందూ, పిన్నిగారికి కళ్ళ పథ్యం కదా, మాంసం తినరు. నేనూ తినను. మా ఇద్దరి కంచాలూ లోపలే కదా? కాస్త పప్పన్నం పెట్టమ్మా. వెళ్ళేటప్పుడు దారిలో కొరమీను ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పు, రాత్రికి కావాలి నాకు."

విశ్వతేజ పెళ్ళాం చెయ్యి పట్టుకోబోయాడు. "ఇంటి పరువు వీధిలో పెట్టావు కదే. నీకేం కావాలి? ఏం కావాలో చెప్పి తగలడు!"

"అమ్మ చుక్కల మందు అయ్యేదాకా లోపలి గదిలో ఉంటుంది. ఆ బల్ల మీదే తింటుంది. నేను అడగడం లేదండీ, చెబుతున్నాను." అతని కంచం నింపి చేతిలో పెట్టింది. అంచు మీద అతని పేరు అతని బొటనవేలికి తగిలింది. "కూర్చోండి. వేరే పెట్టింది కంచమే కదండీ, మనిషిని కాదుగా."

అది ఎవరన్న మాటో అతనికి తెలిసినట్టే ఉంది. గట్టు మీద చతికిలబడ్డాడు. తాతారావు కారు తాళాల కోసం జేబులు వెతుక్కుంటున్నాడు. అవి శ్రీదుర్గ బ్యాగులో ఉన్నాయి. బిందు గోళ్ళరంగు చుక్కున్న పాత కంచం తనకి తీసుకుంది. ఒక ముక్క నోట్లో వేసుకుంది. తన చేతి వంట వేడిగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో ఇన్నాళ్ళకి తెలిసింది. బాగుంది. చాలా బాగుంది.

"సరే, తిన్నంత తినండి. నేను లోపలికి పోయి వాళ్ళకి పెరుగు వేస్తాను," అని సుబ్బాయమ్మ గొంతు ఏమాత్రం లేపకుండానే కొంగు సర్దుకుని బల్ల వైపు తిరిగారు.

"అత్తయ్యా, ఇటండి."

మూడో కంచం ఇంకా బోర్లించే ఉంది. బిందు దాన్ని తిప్పి, బాండీ అడుగున దాచి ఉంచిన మంచి ముక్కలు ఏరి ఏరి వేసి, సుబ్బాయమ్మ అన్న అక్షరాలు ఆవిడకి ఎదురుగా ఉండేలా రెండు చేతులతో, ఎంతో మర్యాదగా అందించింది.

"ఈసారి ఉప్పు సరిపోయిందో లేదో చూసి చెప్పండి."